మానని నోటిపూత

మొన్న ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. డెంటల్ కాలేజీ నుంచి బయటపడి నెల కూడా కాలేదు, బెంజ్ సర్కిల్ దగ్గర క్లినిక్ పెడుతోందట. "మేడం, ఏ కుర్చీ కొనమంటారు? లైటు ఎలాంటిది తీసుకోమంటారు?" అని అడిగింది. కుర్చీ ఏదైనా ఒకటేనమ్మా, అందులో కూర్చునే మనిషిని చూడటం నేర్చుకో అన్నాను. పాపం, నవ్వాలో ఊరుకోవాలో తెలియక కాఫీ గ్లాసు వంక చూసింది. ఆ పిల్లకి చెప్పాల్సింది ఆ పూట చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు తనకీ, తనలాంటి కొత్త పళ్ళ డాక్టర్లకీ రాస్తున్నాను.

గవర్నర్‌పేటలో కింద చెప్పుల కొట్టు, పైన మా క్లినిక్. ముప్పయ్యేళ్ళు ఆ మెట్లు ఎక్కాను, దిగాను. పళ్ళు పీకడం, సిమెంటు పెట్టడం, కట్టుడు పళ్ళు అమర్చడం మీకు కాలేజీలో నేర్పే ఉంటారు. నాకంటే బాగానే చేస్తారు కూడా. నేను రాసేది పళ్ళ చుట్టూ ఉన్న మెత్తటి చోటు గురించి. చిగుళ్ళు, బుగ్గల లోపలి పొర, నాలుక, పెదవులు. మనకి పళ్ళ మీద ఉన్న శ్రద్ధ వీటి మీద ఉండదు. నాకూ ఉండేది కాదు. అందువల్ల ఒక పెద్దాయన విషయంలో తప్పు చేశాను. ఆ తప్పు గుర్తుండబట్టి ఒక అమ్మాయి విషయంలో, ఆఖరి నిమిషంలో, చెయ్యకుండా ఆగాను. ఆ ఇద్దరి సంగతే ఇది.

వేడి చేసిందండీ

మన కృష్ణా జిల్లాలో నోరు పూస్తే కారణం ఒక్కటే. వేడి చేసింది. ఇంట్లో ముసలమ్మ దగ్గర్నుంచి మందుల షాపు కుర్రాడి దాకా అందరిదీ ఇదే మాట. మజ్జిగ తాగు, సబ్జా గింజలు నానబెట్టుకో, పెదాలకి నెయ్యి రాసుకో, రెండు బి-కాంప్లెక్సు మాత్రలు వేసుకో. చాలామందికి పది రోజుల్లో తగ్గిపోతుంది. ఆ పూత ఎలాగూ పది రోజుల్లో తగ్గేదే, పేరు మాత్రం మజ్జిగకి వస్తుంది. నేను మజ్జిగని తిట్టడం లేదు. తగ్గని వాళ్ళకి కూడా మజ్జిగే పోస్తూ కూర్చుంటాం చూశారా, అక్కడే నాకు ఒళ్ళు మండేది.

తొంభైల మొదట్లో నేను చేరినప్పుడు ఆ క్లినిక్ చలపతిరావు గారిది. నా మొదటి బాస్, ఆఖరి బాస్ కూడా ఆయనే. ఆయన పన్ను పీకితే పీకినట్టు ఆ పన్నుకే తెలిసేది కాదు, అంత మెత్తటి చెయ్యి. మనిషీ మంచివాడు. కానీ పొద్దున పది గంటలకి బెంచీ నిండా జనం ఉండేవాళ్ళు. ఒక్కొక్కరికి ఆయన ఇచ్చే టైము చాలా తక్కువ. నేను ఎవరి నాలుకో కాస్త ఎక్కువసేపు చూస్తుంటే వెనకనుంచి వచ్చి, "అమ్మాయ్, పళ్ళ డాక్టరు పళ్ళు చూడాలి. తోలు సంగతి తోలు డాక్టర్లు చూసుకుంటారు. జెల్ రాసి పంపించు" అనేవారు. నేను పంపించేదాన్ని. కొత్తలో బాస్ చెప్పింది వేదమే కదా.

కిళ్ళీ మానేశానమ్మా

వీరరాఘవయ్య గారిది కంకిపాడు దగ్గర ఒక ఊరు. వరీ అరటీ వేసే రైతు, వయసు అరవై దాటి ఉంటుంది. భార్య సీతారావమ్మ గారితో బస్సు దిగి వచ్చారు. తెల్లటి పంచె, భుజాన కండువా, పెదాల మీద నల్లగా గడ్డకట్టిన రక్తం. నోరు తెరిస్తే రెండు బుగ్గల లోపలా పొర లేచిపోయి ఎర్రగా పచ్చి పుండు.

"ఏం చేశారండీ ఇలా?" అన్నాను.

"నేనేం చేశానమ్మా, మా సెంటర్లో కొత్తగా ఎవడో కిళ్ళీ కొట్టు పెట్టాడు. ఆకుకి సున్నం పూయమంటే గోడకి పూసినట్టు పూశాడు, ఎదవ" అన్నారాయన.

సున్నం ఎక్కువైతే నోరు పొక్కడం మన దగ్గర మామూలే. నేనూ ఎంతోమందిని చూశాను. కిళ్ళీ మానమని చెప్పి, జెల్ రాసి, విటమిన్లు రాసి పంపించాను. ఆయన జబ్బు ఆయనే చెప్పేశారు, నా పని తేలికైపోయింది. ఇది గుర్తుపెట్టుకోండి. పేషెంటు బాధ చెప్పాలి. జబ్బు పేరు మనం చెప్పాలి. ఆయన చెప్పిన పేరే మనమూ చెప్పేస్తే ఇంక మనమెందుకు?

రెండు వారాల తర్వాత వచ్చారు. కొంచెం కూడా తగ్గలేదు, ఇంకా పెరిగింది.

"కిళ్ళీ మానలేదు కదూ?" అన్నాను.

"మానేసి పదిహేను రోజులైందమ్మా. ఒట్టు."

"నిజమేనమ్మా, మానేశారు" అంది సీతారావమ్మ గారు.

"ఇంట్లో మానేసి సెంటర్లో వేస్తారండీ. మగవాళ్ళ సంగతి మీకేం తెలుసు?" అని నేను వేళాకోళం చేశాను. ఆ పుళ్ళ నోటితోనే ఆయన నవ్వారు. నవ్వితే పెదవి చిట్లి రక్తం వచ్చింది. కండువాతో తుడుచుకున్నారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. మనిషి నిజం చెప్తుంటే నేను జోకు వేశాను.

మూడోసారి వచ్చినప్పుడు నాకే అనుమానం వచ్చి, పుండు లోంచి చిన్న ముక్క కోసి పరీక్షకి పంపాను. బాగా చెడిపోయిన చోట, సరిగ్గా పుండు నడిమధ్య కోసి, ఫార్మలిన్ సీసాలో వేశాను. మామూలు పుండు, ప్రత్యేకంగా ఏమీ కనబడలేదు అని రిపోర్టు వచ్చింది. హమ్మయ్య, నోటి క్యాన్సర్ కాదు అనుకున్నాను. ఆయనకీ అదే చెప్పి పంపాను. ఆ తర్వాత ఆయన రాలేదు. తగ్గిపోయి ఉంటుందిలే అనుకున్నాను. తగ్గినవాళ్ళు ఎటూ వచ్చి చెప్పరు కదా.

కొన్ని నెలలకి సీతారావమ్మ గారు ఒక్కతే వచ్చింది. బెంచీ మీద అందరూ వెళ్ళేదాకా కూర్చుని అప్పుడు లోపలికి వచ్చింది.

"ఆయన పోయారమ్మా" అంది.

పెద్దాసుపత్రిలో మెడ కింద, చంకల్లో గడ్డలు ఉన్నాయన్నారట. లింఫ్ గ్రంథుల క్యాన్సర్ అన్నారట. ఒంటి మీద తోలు కూడా లేచిపోయిందట. నోట్లో పుళ్ళూ ఆ గడ్డలూ ఒకే జబ్బు అని అక్కడి డాక్టర్లు చెప్పారట.

"మీరు నోరు చూసినప్పుడే తెలిసేదా అమ్మా?" అని అడిగింది. ఆవిడ నన్ను నిలదీయలేదు. మామూలుగా, తెలుసుకోవాలని అడిగింది.

"చెప్పలేమండీ" అన్నాను. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. మూడుసార్లు ఆయన నా కుర్చీలో కూర్చున్నారు. ఒక్కసారి కూడా నేను ఆయన మెడ తడిమి చూడలేదు.

కూలని గోడ ముక్క

మా వెనక సందులోనే మూర్తి గారి ల్యాబు. ఆయన పేథాలజిస్టు. రోజంతా మైక్రోస్కోపు ముందు కూర్చుని, పక్కన వేయించిన శనక్కాయల పొట్లం పెట్టుకుని ఒక్కొక్కటే ఒలుచుకుంటూ ఉండేవారు. వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన మొదటి మాటలోనే నన్ను తిట్టారు.

"అమ్మా, ఇల్లు కూలిపోయిన చోటు నుంచి గుప్పెడు మట్టి తెచ్చి, ఈ గోడ ఎందుకు కూలిందో చెప్పండి అంటే నేనెలా చెప్పను? కూలిన చోటుకి పక్కన, ఇంకా నిలబడి ఉన్న గోడ ముక్క తీసుకురావాలి."

తర్వాత శనక్కాయలు పక్కకి నెట్టి ఓపిగ్గా చెప్పారు. మన ఒంట్లో కణాలు ఒకదానికొకటి అతుక్కుని ఉండటానికి జిగురు లాంటిది ఉంటుంది. ఒంటిని కాపాడాల్సిన రక్షణశక్తి పొరపాటున ఆ జిగురు మీదికే దండెత్తితే చర్మం, నోటిలోని పొర బొబ్బలెక్కి లేచిపోతాయి. దాన్ని పెంఫిగస్ అంటారు. చాలామందికి అది నోట్లోనే మొదలవుతుంది, అంటే ముందు మన దగ్గరికే వస్తారు. అందులో క్యాన్సర్‌తో సంబంధం లేనిదే ఎక్కువ. కానీ అరుదుగా, ఒంట్లో ఎక్కడో దాగి ఉన్న గడ్డ ఈ రక్షణశక్తిని రెచ్చగొడుతుంది. పుండు నోట్లో, అసలు దొంగ ఇంకెక్కడో. దానికి పారానియోప్లాస్టిక్ పెంఫిగస్ అని పేరు పెట్టి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. ఆయన దగ్గర దాని మీద ఒక జెరాక్సు ఉంటే నాకిచ్చారు.

"రెండు సీసాలు పెట్టుకో" అన్నారు. "ఒక ముక్క ఫార్మలిన్లో వెయ్. ఇంకో ముక్క సెలైన్లో వేసి, ఐసులో పెట్టి, ఆ రోజుకారోజు హైదరాబాదు చేర్చు. అక్కడ రంగు వేసి ప్రత్యేకమైన వెలుతురులో చూస్తారు. ఫార్మలిన్లో వేశావో, మనం వెతికే గుర్తులు చెరిగిపోతాయి."

"ముందే తెలిస్తే ఆయన బతికేవారా?" అని అడిగాను.

"గ్రంథుల క్యాన్సర్‌తో వస్తే కష్టమేనమ్మా. కానీ వెతకడం మన పని. ఆ పని జరగలేదు" అన్నారు. ముక్కుసూటి మనిషి. ఆ రోజు ఆయన మీద కోపం వచ్చింది కానీ, గురువంటే అలా ఉండాలని తర్వాత అనిపించింది.

ఆ రోజు నుంచి నా అల్మారాలో ఎప్పుడూ రెండు సీసాలు ఉండేవి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ఏళ్ళు గడిచాయి, చలపతిరావు గారు క్లినిక్ నాకు అప్పగించారు, రెండో సీసా అవసరం పడనే లేదు. ఎప్పటికప్పుడు సెలైన్ పాతబడితే పారబోసి కొత్తది పోసేదాన్ని. మా నర్సు నన్ను చూసి నవ్వేది.

పండగ అయ్యాక వస్తాం మేడం

రెండువేల సంవత్సరం దాటాక ఒక రంజాన్ నెల. వానలు వెనకబట్టి చలిగాలి మొదలయ్యే రోజులు. సాయంత్రం నాలుగింటికి ముగ్గురు మెట్లెక్కి వచ్చారు. ఖాదర్‌కి దగ్గర్లోనే పరుపుల కొట్టు ఉంది. అతని భార్య షంషాద్, ఇరవయ్యారేళ్ళు, ఒక స్కూల్లో చిన్నపిల్లలకి పాఠాలు చెప్తుంది. వెంట అత్తగారు జైనబ్బీ.

"చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది మేడం. రోజా ఉంటోంది కదా, నోరు ఎండి వేడి చేసినట్టుంది" అన్నాడు ఖాదర్.

చలిగాలి వీస్తోంది, అయినా వేడే! మన వాళ్ళ వేడికి కాలంతో పని లేదు.

షంషాద్ కొంగు పెదాలకి అడ్డం పెట్టుకుని కూర్చుంది. కొంగు తీయించి చూస్తే, పెదాల మీద నల్లగా గడ్డకట్టిన రక్తం. నాకు కంకిపాడు గుర్తొచ్చింది. కానీ నిజం ఒప్పుకోవాలి, గుర్తొచ్చి కూడా వెంటనే పట్టించుకోలేదు. ఇరవయ్యారేళ్ళ పిల్ల, ఉపవాసాలు, పండగ పనులు. నా చెయ్యి జెల్ పేరు రాయడానికి చీటీ మీదికి వెళ్ళింది.

"పండగ ఇంకా పన్నెండు రోజులే కదా మేడం. అయ్యాక తీరిగ్గా వచ్చి చూపించుకుంటా" అంది షంషాద్. ఆ మాట అనడానికి కూడా ఆమెకి కష్టంగా ఉంది, ఒక్కో అక్షరం ఆపి ఆపి అంటోంది.

"సరే, అలాగే రండి" అనే మాట నా నోటి చివరిదాకా వచ్చింది. అప్పుడు జైనబ్బీ గారు గర్వంగా అంది.

"మా కోడలు బంగారం డాక్టరమ్మా. అందరం రోజా విడిచాక సమోసాలు, బజ్జీలు అని ఎగబడతామా, ఈ పిల్ల ఏదీ ముట్టదు. మసీదు నుంచి వచ్చిన గంజి, అంతే. అంత భక్తి. మా వీధిలో అందరికీ చెప్తాను నేను."

నేను పెన్ను కింద పెట్టాను.

"షంషాద్, నువ్వు గంజే ఎందుకు తాగుతున్నావమ్మా?" అన్నాను.

కొంగు మళ్ళీ పెదాలకి అడ్డం పెట్టుకుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగందే పేషెంటూ చెప్పడు, ఒక్కోసారి అడిగినా చెప్పడు. మళ్ళీ అడిగాను.

"ఈ నోరు ఎప్పుడు మొదలైంది? రంజాన్‌లోనా, అంతకుముందా?"

"రంజాన్‌లోనే" అంది జైనబ్బీ.

షంషాద్ తల అడ్డంగా ఊపింది. కళ్ళు అప్పటికే ఎర్రగా ఉన్నాయి, కలక వచ్చినట్టు. ఆ ఎరుపు కూడా జబ్బులో భాగమేనని కాసేపటికి నాకు తట్టింది.

"రెండు నెలల ముందే వచ్చింది మేడం. ఏం తిన్నా మంటే. ఇంట్లో చెప్తే భయపడతారని ఊరుకున్నా. స్కూల్లో తిన్నానని ఇంట్లో, ఇంట్లో తిన్నానని స్కూల్లో చెప్పా. రంజాన్ వచ్చిందంటే ఎంత సంతోషించానో! పగలంతా ఎవరూ తినమని అడగరు కదా."

ఖాదర్ స్టూలు లాక్కుని భార్య పక్కన కూర్చున్నాడు. జైనబ్బీ గారు కోడలి వంకా నా వంకా మార్చి మార్చి చూసింది.

"అయ్యో నా తల్లీ! తినలేక గంజి తాగుతుంటే నేను ఊరంతా గొప్ప చెప్పుకున్నానే!" అంది. లేచింది. "డాక్టరమ్మా, మంచినీళ్ళు ఇవ్వండి. జబ్బు మనిషికి రోజా లేదు. పోయిన రోజాలు బాగయ్యాక ఉండొచ్చు, అల్లాకి తెలీదా ఏంటి?"

"అత్తమ్మా, ఇంకో రెండు గంటలే..." అంది షంషాద్.

"నోర్ముయ్. తాగు." గ్లాసు తనే పట్టుకుని కోడలి పెదాలకి ఆనించింది. నేను ఎంతమంది అత్తగార్లని చూశానో, ఆవిడలాంటి ఆవిడని చూడలేదు.

మీగడ తోసినట్టు

అప్పుడు మొదలుపెట్టాను పరీక్ష, చెయ్యాల్సినట్టుగా. మెడ, దవడ కింద, చంకలు తడిమాను. గడ్డలేవీ తగల్లేదు. అరచేతులు చూశాను. ఊదారంగు మచ్చలున్నాయి. బట్టల సబ్బు పడలేదనుకున్నారట. కుర్చీకి ఉండే గాలి గొట్టంతో చిగురు మీద మెల్లగా గాలి ఊదాను. కాచిన పాల మీద మీగడని వేలితో తోస్తే ముడుచుకుంటుందే, అలా చిగురు మీది పొర ముడుచుకుని లేచింది.

మర్నాడు పొద్దున్నే రమ్మన్నాను. చలపతిరావు గారు అప్పటికి డెబ్బై దాటారు. రోజూ పొద్దున పేపరు చదువుకోవడానికి క్లినిక్‌కి వచ్చేవారు. ఆ రోజు పేపరు పక్కనపెట్టి చేతులు కడుక్కుని, బుగ్గ పక్కకి లాగి పట్టుకోవడానికి తనే నిలబడ్డారు. పుండుకి కొంచెం ఎడంగా, ఇంకా బాగున్నట్టు కనిపించే చోట రెండు చిన్న ముక్కలు తీశాను. ఒకటి ఫార్మలిన్ సీసాలో. ఒకటి సెలైన్ సీసాలో. మా నర్సు ఈసారి నవ్వలేదు.

కుట్టు వేస్తుండగా చలపతిరావు గారు మెల్లగా అన్నారు. "పళ్ళ డాక్టరు పళ్ళే చూడాలని నీకు చెప్పింది నేనే కదూ? తప్పు చెప్పానమ్మాయ్."

శిష్యురాలి ముందు, పేషెంటు ముందు ఆ మాట అన్న పెద్దమనిషికి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను.

సీసాని ఐసు నింపిన ఫ్లాస్కులో పెట్టి ఖాదర్ చేతికిచ్చాను. ఎనిమిది గంటల బస్సెక్కాడు. దారి పొడుగునా ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడట. పక్కసీటాయన టీ అనుకుని, "కొంచెం పోయవయ్యా, తలనొప్పిగా ఉంది" అని అడిగాడట. ఏం చెప్పాలో తెలియక, బస్సు ఆగినచోట దిగి ఆయనకి టీ కొనిచ్చి వచ్చాడట. ఎంత కంగారులో ఉన్నా ఆ సంగతి చెప్తూ మమ్మల్ని నవ్వించాడు.

వారానికి మూర్తి గారు ఫోన్ చేశారు. శనక్కాయల చప్పుడు లేదు.

"అమ్మా, మామూలు పెంఫిగస్ అయితే కణాల మధ్యనే మెరవాలి. ఈ పిల్లకి అక్కడా, పొర అడుగునా కూడా మెరిసిందట. దాగి ఉన్న గడ్డ వల్ల వచ్చే రకంలా ఉంది, ఆలస్యం చెయ్యకు. ఛాతీ, కడుపు స్కాన్ చేయించు."

బత్తాయి అంత

స్కాన్‌లో కనబడింది. కడుపు వెనకభాగంలో, ఎడమ మూత్రపిండం పక్కన, బత్తాయి అంత గడ్డ. బయటినుంచి ఎంత తడిమినా తగలని చోటు.

"క్యాన్సరా మేడం?" అని అడిగాడు ఖాదర్.

"ఇంకా తెలీదు. తీస్తేగానీ తెలీదు" అన్నాను. ఈసారి చెప్పలేమండీ అని తప్పించుకోలేదు. ఏం తెలుసో, ఏం తెలీదో విడదీసి చెప్పాను. ఒకే గ్రంథి విపరీతంగా ఉబ్బిన గడ్డ కావచ్చు, అదైతే మొత్తం తీసేస్తే బాగయ్యే అవకాశం బాగా ఉంటుంది. గ్రంథుల క్యాన్సర్ కూడా కావచ్చు.

షంషాద్ నా చెయ్యి పట్టుకుంది. "మా పాపకి నాలుగేళ్ళు మేడం" అంది.

హైదరాబాదులో ఆపరేషన్ జరిగింది. గడ్డ ముక్కలు కాకుండా మొత్తంగా వచ్చింది. రిపోర్టు వచ్చిన రోజు ఖాదర్ అక్కడినుంచే ఫోన్ చేశాడు. క్యాన్సర్ కాదు, క్యాసిల్‌మన్ అనే, ఒకే గ్రంథి ఉబ్బే రకం గడ్డట. ఆ పేరు పలకడం చేతగాక మూడుసార్లు మూడు రకాలుగా పలికాడు. మూడుసార్లూ నాకు అర్థమైంది. ఫోన్ పెట్టేసి వెళ్ళి ఎక్స్‌రే గదిలో తలుపు వేసుకుని కాసేపు ఏడ్చాను.

అయితే గడ్డ తీసిన మర్నాడే నోరు మానదు. ఇది మీరు ముందే చెప్పకపోతే పేషెంటు మీ మీద నమ్మకం వదులుకుంటుంది. రక్తంలో మిగిలిన విషం కరగడానికి నెలలు పడుతుంది. రెండు నెలలు దాటినా షంషాద్ నోరు అలాగే ఉంది. ఊపిరితిత్తులకి కూడా ఈ జబ్బు పాకుతుంది కాబట్టి ఛాతీ డాక్టరు ఆమెని వదలకుండా చూస్తూ ఉన్నాడు. వారం వారం నా దగ్గరికి వచ్చి నోరు తెరిచేది. ఒకరోజు కుడి బుగ్గలో గోరంత మేర గులాబీరంగు పొర కొత్తగా కనబడింది. అద్దం ఇచ్చి చూపించాను. తనకి అంత తేడా కనిపించలేదు కానీ, నా మొహం చూసి నమ్మింది.

చక్కెరకేళి

ఆ ఆదివారం నేను కంకిపాడు దగ్గర వాళ్ళ ఊరు వెళ్ళాను. సీతారావమ్మ గారు నన్ను గుర్తుపట్టింది. మంచం వాల్చి కూర్చోబెట్టింది. అన్నేళ్ళ కింద ఆవిడ అడిగిన దానికి జవాబు చెప్పడానికి వచ్చానన్నాను.

"నోరు చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సిందండీ. ఆయన కిళ్ళీ మానేశానన్నప్పుడు నేను నమ్మాల్సింది. ముందే తెలిసినా బతికించేవాళ్ళమని చెప్పలేను. కానీ వెతకాల్సింది, వెతకలేదు."

నేను తిట్లకి సిద్ధపడే వెళ్ళాను.

"నమ్మలేదని ఆయన బాధపడ్డారమ్మా. బస్సులో అన్నారు" అంది. "ఇప్పుడెందుకు చెప్తున్నారు?"

షంషాద్ సంగతి చెప్పాను. రెండు సీసాల సంగతీ చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని లేచి, పెరట్లోకి వెళ్ళి చక్కెరకేళి అరటిపళ్ళ అత్తం ఒకటి కోసుకొచ్చింది.

"ఆ పిల్లకివ్వండి. మాగి ఉంది, మెత్తగా జారిపోద్ది. పుల్లదనం లేదు, మండదు" అంది. తర్వాత, "ఆయన కూడా ఆఖర్న ఇదే తిన్నారు" అంది.

సిటీబస్సులో ఆ అత్తాన్ని ఒళ్ళో పెట్టుకుని వస్తుంటే ఖాదర్ ఫ్లాస్కు గుర్తొచ్చింది. షంషాద్ గంజి తర్వాత మొదట తిన్నది ఆ అరటిపండే.

ఇక మీకు

ప్రతి నోటిపూతనీ చూసి హడలిపోకండి, పేషెంటుని అసలు హడలగొట్టకండి. వందల మందిని చూస్తారు, దాదాపు అందరికీ మజ్జిగే చాలు. కానీ రెండు వారాలు దాటి మానకపోతే, పెదాల మీద రక్తం గడ్డకడితే, కళ్ళు ఎర్రబడితే, మందుకి లొంగకపోతే, ఆగండి. మెడ తడమండి. బరువు తగ్గాడా అని అడగండి. ఏం తింటున్నారు అని మాత్రమే అడగొద్దు, ఏం మానేశారు, ఎందుకు మానేశారు అని అడగండి. మన ఊళ్ళలో తినకపోవడానికి ఎప్పుడూ ఒక మంచి కారణం దొరుకుతుంది. కార్తీకమాసమో, రంజానో, శనివారమో. ఆ మంచి కారణం వెనక జబ్బు దాక్కుంటుంది. తోలు డాక్టరుకి, కంటి డాక్టరుకి, ఛాతీ డాక్టరుకి ఫోన్ చెయ్యడానికి నామోషీ పడకండి. ఒక్కళ్ళం చేసే పని కాదిది. ఇంకొకటి, మీ అల్మారాలో సెలైన్ సీసా ఉంచుకోండి. నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి.

మళ్ళీ రంజాన్

తర్వాతి ఏడాది జైనబ్బీ గారు స్వయంగా వచ్చి పిలిచింది. "రోజా విడిచే పూటకి మా ఇంటికి రావాలి డాక్టరమ్మా. కాదంటే ఇక్కడే కూర్చుంటా, మీ పేషెంట్లకి చోటుండదు."

వెళ్ళాను. షంషాద్ అప్పటికి నిండుగా ఉంది. మేడ మెట్లెక్కితే కొంచెం ఆయాసం వస్తుంది, అది మిగిలిపోయింది. స్కూలుకి మళ్ళీ వెళ్తోంది. నోట్లో తెల్లటి గీతలు ఒకటి రెండు తప్ప ఏమీ లేవు. డాక్టర్లు ఆ ఏడాది రోజాలు వద్దన్నారు కాబట్టి తను ఉండలేదు కానీ, అందరితో పాటే సూర్యాస్తమయం దాకా ఆగి కూర్చుంది.

మసీదు నుంచి పిలుపు వినబడింది. అందరూ ఖర్జూరం నోట్లో వేసుకున్నారు. గిన్నెల్లో వేడి వేడి గంజి వచ్చింది. షంషాద్ తన గిన్నెని పక్కకి జరిపింది.

"ఈ జన్మకి సరిపడా తాగేశాను మేడం" అని నాతో అని, పళ్ళెంలోంచి మిరపకాయ బజ్జీ తీసుకుంది. లావుపాటి కాయ, మధ్యలో వాము, చింతపండు కూరినది. సగానికి కొరికింది.

కళ్ళ వెంట జలజలా నీళ్ళు. ముక్కు ఎర్రబడింది. చాప మీద అందరూ ఆగిపోయారు. ఖాదర్ చేతిలో గ్లాసు అలాగే ఉంది. నేను కూర్చున్నచోట నుంచి సగం లేచాను.

"మండుతోందా తల్లీ?" అంది జైనబ్బీ గారు.

షంషాద్ నమిలింది. మింగింది. చేత్తో నోటికి విసురుకుంటూ నవ్వింది.

"మండుతోంది అత్తమ్మా. అందరికీ మండినట్టే మండుతోంది."

జైనబ్బీ గారు ఇంకో బజ్జీ తీసి ఆమె కంచంలో వేసింది.